తల్లి లెక్కలో కలిసిపోతున్న పిల్లలు: జిల్లా బాల కార్మిక టాస్క్‌ఫోర్స్‌లకు బహిరంగ లేఖ

ఉత్తర తెలంగాణ జిల్లాల బాల కార్మిక టాస్క్‌ఫోర్స్ అధ్యక్షులకు, అందులో సభ్యులైన కార్మిక, విద్య, వ్యవసాయ, పోలీసు, వైద్య ఆరోగ్య, మహిళా శిశు సంక్షేమ శాఖల అధికారులకు,

నమస్కారం.

మిర్చి ఏరుళ్లు జోరుగా నడుస్తున్నప్పుడు ఒక జిల్లా ప్రజావాణిలో అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. నెల తర్వాత అడిగితే అర్జీ కార్మిక శాఖకు పోయిందన్నారు. అక్కడికి పోతే, చేలల్లో పిల్లల సంగతి విద్యా శాఖ చూడాలన్నారు. విద్యా శాఖవాళ్లేమో ఆ పిల్లల పేర్లు బడి రిజిస్టర్‌లో ఉన్నాయి కాబట్టి వాళ్లు బడి మానినట్టు కాదన్నారు. ఈ మూడు జవాబులు వచ్చేలోపు మిర్చి అయిపోయింది, పిల్లలు ఇంకో పనికి మళ్లారు. అది ఏ జిల్లానో ఇక్కడ రాయడం లేదు. ఏ జిల్లాలో అడిగినా దాదాపు ఇదే వరుస కాబట్టే అర్జీ మానేసి అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాం.

హోటల్లో గ్లాసులు కడిగే పిల్లవాడు, మెకానిక్ షెడ్డులో స్పానర్ అందించే పిల్లవాడు మీకు కనిపిస్తున్నారు. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ బృందాలు వాళ్లను పట్టుకొస్తున్నాయి. మంచి పనే. కనిపించనిది తల్లి పక్కన, తల్లి లెక్కలో పనిచేసే పిల్ల. మా ప్రాంతంలో ఎక్కువమంది వాళ్లే. వాళ్లెందుకు కనిపించరో, అందువల్ల ఏం జరుగుతుందో, మీరేం చేయాలో కింద రాశాం.

1. కాటాకు వయసు తెలియదు.

పత్తి ఏరుడు కిలోకింత. మిర్చి ఏరుడు చాలాచోట్ల కిలోకింత, లేదంటే గుత్త. పచ్చి ఇటుక వెయ్యికింత, బీడీ వెయ్యికింత. రోజు కైకిలి ఇచ్చే పనిలోనైతే రైతు తలలు లెక్కపెడతాడు. ఈ చిన్నపిల్లకు పూర్తి కూలి ఎందుకివ్వాలని ఆలోచిస్తాడు, చాలాసార్లు వద్దని పంపేస్తాడు. కిలో లెక్కలో ఆ ఆలోచనే రాదు. తల్లి 40 కిలోల పత్తి ఏరింది, పక్క సాలులో పదకొండేళ్ల బిడ్డ 15 కిలోలు ఏరింది అనుకోండి. పొద్దుగూకే వేళ కాటా మీదికి 55 కిలోలూ కలిపే ఎక్కుతాయి, పుస్తకంలో తల్లి పేరే పడుతుంది. రైతు ఆ పిల్లను పనికి పిలవలేదు, ఆమె చేతికి రూపాయి ఇవ్వలేదు. తనిఖీకి వచ్చినవారు చూద్దామన్నా హాజరు పట్టీ లేదు, చిట్టీ లేదు. కానీ ఆ 15 కిలోలు లేకపోతే ఆ ఇంటి కూలిలో నాలుగో వంతుకు పైగా పోతుంది. అందుకే కిలో రేటు ఎంత తక్కువుంటే సాలుల్లో పిల్లలు అంత ఎక్కువుంటారు.

ఇంకో దారి కూడా ఉంది. కైకిలి ఆటో పొద్దున ఏడులోపే ఊరు దాటుతుంది. అంగన్‌వాడీ, బడి తెరిచేసరికి తొమ్మిది. ఆ రెండు గంటలు చంటిపిల్లను ఎవరు చూడాలి? పెద్దబిడ్డను వెంట తీసుకుపోతారు. ఆ పిల్ల మొదటి వారం గట్టు మీద తమ్ముణ్ని ఆడిస్తుంది. తమ్ముడు నిద్రపోయినప్పుడు ఒడి కట్టుకుని నాలుగు కాయలు ఏరుతుంది. రెండో వారానికి ఆమెకూ ఒక సాలు పడుతుంది. ఏ తల్లీ బిడ్డను బడి మాన్పించాలని ఒకరోజు కూర్చుని నిర్ణయించదు.

2. "మా పిల్లలే సార్" అన్న జవాబును చట్టం ఒప్పుకోదు.

చేలో ఆగిన అధికారికి తల్లి ఈ మాటే చెబుతుంది, రైతూ ఇదే చెబుతాడు. అధికారి సరేనని వెళ్లిపోతాడు. 1986 బాల కార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. వ్యవసాయం కూడా అందులోకే వస్తుంది. కుటుంబానికి సాయం చేయవచ్చన్న మినహాయింపు నిజమే. కానీ ఆ మినహాయింపు సొంత చేనుకో, సొంత దుకాణానికో వర్తిస్తుంది. కిలోకింత తీసుకుని వేరే రైతు చేలో ఏరే కుటుంబం ఆ చేనుకు యజమాని కాదు కాబట్టి అక్కడ ఆ మాట చెల్లదు.

సొంత చేను అయినా నియమాలు గట్టిగానే ఉన్నాయి. బడి వేళల్లో పని చెప్పకూడదు. రాత్రి 7 నుంచి పొద్దున 8 దాకా చెప్పకూడదు. విశ్రాంతి కాకుండా రోజుకు మూడు గంటలు దాటకూడదు. ప్రమాదకరమైన పని అసలే వద్దు. పెద్ద మనిషి చేయాల్సిన పని పిల్లతో చేయించకూడదు. సెలవు రోజున నాయన వెంట పోయి మోటారు వేసి వచ్చే పిల్లవాడి గురించి మేం మాట్లాడటం లేదు. వ్యవసాయ కుటుంబంలో పుట్టిన పిల్లలకు మట్టి తెలియాలి, దానికి ఎవరూ అడ్డం కాదు. నవంబరులో సోమవారం పదకొండు గంటలకు పరాయి చేలో ఒడి కట్టుకుని నిలబడ్డ పిల్ల సంగతి వేరు.

3. మిర్చి చేలో శరీరానికి ఏమవుతుంది.

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తున్నాం. వరంగల్ ఏనుమాముల మిర్చి మార్కెట్ ఎర్రగా నిండినప్పుడు ఫొటోలు తీసేవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ కాయ ఏరిన చేతులను చూసినవాళ్లు తక్కువ.

మిర్చి ఒక్కసారిగా పండదు. సంక్రాంతికి అటూ ఇటూ మొదలై ఏప్రిల్ దాకా మూడు నాలుగు ఏరుళ్లు పడతాయి. అంటే బడి రెండో సగమంతా. ఘాటంతా కాప్సైసిన్ అనే పదార్థంలో ఉంటుంది. అది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. తేజ లాంటి ఘాటు రకం గంటల తరబడి ఏరితే, పగిలిన కాయల రసం గోళ్ల మొదళ్లలోకి, వేళ్ల సందుల్లోకి దిగుతుంది. పిల్లలకు చెమట పడితే మొదట చెయ్యి పోయేది కంటికే. చేతుల మంట తట్టుకోలేక ఉత్త నీళ్లు పోసుకుంటే అది ఇంకా పరుచుకుంటుంది. చేతులకైతే ముందు కొబ్బరినూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే నూనె పెట్టకూడదు; శుభ్రమైన నీళ్లు కనీసం పదిహేను నిమిషాలు ధారగా పోయాలి. ఈ రెండు ముక్కలు గోడ మీద రాసిన కల్లం ఒక్కటీ ఉండదు.

ఘాటు కన్నా పెద్ద ప్రమాదం మందు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చిని దెబ్బతీశాక మందు కొట్టే విడతలు పెరిగాయి. పవర్ స్ప్రేయర్‌తో కొట్టేటప్పుడు గన్ను పెద్దవాళ్లు పడతారు. వెనక పైపు మొక్కలకు తట్టుకోకుండా ఎత్తి పట్టుకుని లాగే పని పిల్లలకు పడుతుంది. బరువైన పని కాదు కదా అంటారు. కానీ గన్ను మనిషి ముందుకు పోతుంటే తుంపర వెనక్కి తేలుతుంది. ఆ పైపు అప్పుడే తడిసిన ఆకుల మీద జారి ఆ పిల్ల అరచేతుల్లోంచే వస్తుంది. మందు కొట్టేవాడు కనీసం మూతికి తువ్వాల చుట్టుకుంటాడు. పిల్ల మీద ఉండేది బడి యూనిఫామ్ పాత చొక్కా.

అదే విషం పిల్లకు ఎందుకు ఎక్కువ? బరువుతో పోల్చితే చర్మం విస్తీర్ణం ఎక్కువ, పీల్చే గాలి ఎక్కువ. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో నరానికి, కండరానికి మధ్య సంకేతం ఆగకుండా పోతూనే ఉంటుంది. నోట్లో చొంగ, కళ్ల వెంట నీరు, వాంతులు, విరేచనాలు, చిన్నబడిన కనుపాప, కండరాలు అదరడం, చివరికి ఊపిరి ఆడకపోవడం. డబ్బా మీది గుర్తులో కింది త్రికోణం ఎరుపైతే అత్యంత విషపూరితం, పసుపైతే దాని తర్వాతిది. మందు కొట్టాక ఎన్ని రోజుల వరకు కాయ తెంపకూడదో కూడా ఆ డబ్బాతో వచ్చే కాగితంలో ఉంటుంది. ధర పెరిగిన వారంలో ఆ రోజులు లెక్కపెట్టేవాళ్లు అరుదు. నిన్న కొట్టిన చేలోకి ఇవాళ ఏరేవాళ్లు దిగుతారు, వాళ్లలో నడుమెత్తు మొక్కల మధ్య ముఖం ఆకులకు ఆనేది పిల్లలదే.

సాయంత్రం ఆ పిల్లను పీహెచ్‌సీకి తీసుకుపోతే ఓపీ చీటీ మీద "కడుపునొప్పి, వాంతులు" అని రాస్తారు. చేలోంచి వచ్చిందా, ఏ మందు కొట్టారు అన్న రెండు ప్రశ్నలు పడవు. సెలైన్ పెట్టి పంపిస్తారు. అట్లా జిల్లా లెక్కల్లో మిర్చి చేలో మందుకు గురైన పిల్లలు సున్నా అవుతారు.

ఇక కల్లం. పరదాల మీద ఎండిన కాయలోంచి తాలు ఏరడం, తొడిమ తీయడం కూర్చుని చేసే పని కాబట్టి ఆడవాళ్లకూ పిల్లలకూ ఇస్తారు. ఎండిన మిర్చి దుమ్ము గాలికి లేస్తుంది. మూసిన షెడ్డులో అయితే దగ్గు ఆగదు, ఉబ్బసం ఉన్న పిల్లకు రాత్రంతా నిద్ర ఉండదు.

ములుగు, భూపాలపల్లి వైపు మిర్చి చేలకు ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు. గట్ల మీద పరదా గుడిసెల్లో ఉంటారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ మధ్యలో, ములుగు జిల్లా మిర్చి చేలల్లో పనిచేసిన పన్నెండేళ్ల బాలిక బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయలుదేరి, మూడు రోజులు నడిచి, ఇల్లు చేరువలో ఉండగా చనిపోయింది. అక్కడ ఒక పిల్ల మిర్చి ఏరుతోందని దేశానికి తెలిసింది ఆమె చనిపోయాకే. నడక మీద చాలా చర్చ జరిగింది, పన్నెండేళ్ల పిల్ల ఆ చేలో ఎందుకుందన్న దాని మీద జరగలేదు.

4. పత్తి.

ఎండిన కాయ మొనలు సూదుల్లా ఉంటాయి, వేళ్ల చివర్లు చీరుకుపోతాయి. నడుముకు కట్టిన ఒడి నిండే కొద్దీ ముందుకు లాగుతుంది, ఎదిగే వయసులో రోజంతా వంగి నడవడం వెన్నుకు మంచిది కాదు. అక్టోబరులో తొలి ఏరుడు, చలికాలంలో రెండోది, మూడోది. దసరా సెలవుల్లో మొదలైన పని సెలవులతో ఆగదు, అదే అసలు చిక్కు.

5. ఇటుక బట్టీలు.

పెద్దపల్లి, కరీంనగర్ ప్రాంతాల బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలు వస్తాయి. వానలు వెనకబట్టాక వచ్చి, మళ్లీ వానలకు ముందు పోతాయి. మేస్త్రీ చేతుల మీదుగా అడ్వాన్సు ముందే పడుతుంది. ఇక్కడా కూలి వెయ్యి ఇటుకలకింత, కాబట్టి భార్యాభర్తల వెంట పిల్లల చేతులు కూడా ఆ వెయ్యిలో కలుస్తాయి. మట్టి తొక్కేదీ అచ్చు పోసేదీ పెద్దలు. ఆరబెట్టిన పచ్చి ఇటుకను పక్కకు తిప్పడం, ఆరినవి మోసి పేర్చడం పిల్లలు. పచ్చి ఇటుక మూడు కిలోలకు తగ్గదు. వెయ్యి ఇటుకలు తిప్పిన పిల్ల ఆ రోజు మూడు టన్నులు చేతుల మీదుగా దాటించినట్టు. ఎండకు ముందే కానివ్వాలని పని అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. తెల్లారి బడికి రమ్మంటే ఆ పిల్ల నిద్రపోతుంది, నిద్రపోతే "ఆసక్తి లేదు" అని రాస్తారు.

అడ్వాన్సు తీరేదాకా కదలనివ్వకపోతే అది 1976 చట్టం ప్రకారం వెట్టిచాకిరీ. దాన్ని కూలి తగాదా కింద రాసి, ఇరువర్గాలను కూర్చోబెట్టి, లారీ ఎక్కించి పంపడం పరిష్కారం కాదు. విముక్తి ధ్రువపత్రం చేతికి రాకపోతే ఆ కుటుంబానికి పునరావాస సాయం రాదు. వచ్చే ఏడు అదే మేస్త్రీ దగ్గర మళ్లీ అడ్వాన్సు తీసుకుంటుంది.

6. బీడీలు.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు ఇంట్లోనే చుడతారు, బీడీ కార్మికుల కార్డు తల్లి పేరు మీద ఉంటుంది. తునికాకు కత్తిరించడం, దారం కట్టడం, మూతి మలవడం బిడ్డలు బడి నుంచి వచ్చాక మొదలై రాత్రి దాకా సాగుతుంది. పొగాకులోని నికోటిన్ చేతి చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం అందుకే. 1986 చట్టం మొదటి జాబితాలోనే బీడీ తయారీ నిషేధం ఉంది. అయినా అది ఇంటి గడప లోపల పని కాబట్టి ఏ తనిఖీ ఆ గడప దాటదు.

7. ముప్పై రోజుల నియమం ఎందుకు పనిచేయడం లేదు.

సమాచారం ఇవ్వకుండా వరుసగా 30 రోజులు బడికి రాని పిల్ల సంగతి ప్రధానోపాధ్యాయులు నోడల్ అధికారికి చెప్పాలని కేంద్ర నియమాల్లో ఉంది. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే గానీ, వాళ్లు ఏరుడు సీజన్ చూసినట్టు లేదు. మా పిల్లలు వరుసగా 30 రోజులు మానరు. ఒక చేను ఏరుడు ఆరేడు రోజులు. మధ్యలో ఒకరోజు ఖాళీ, ఆ రోజు బడికి వస్తారు. గుడ్డు పెట్టే రోజు వస్తారు. పరీక్ష రోజు వస్తారు. నెలకు ఎనిమిది రోజులు కనిపించిన పిల్ల రిజిస్టర్‌లో "బడిలో ఉన్న" పిల్ల. ముప్పై అనే అంకె ఎప్పటికీ పడదు, ఎవరికీ కబురు పోదు. ఏడో తరగతికి వచ్చేసరికి ఆ పిల్లకు పేరా చదవడం రాదు, సిగ్గుతో తనే మానేస్తుంది. అప్పుడు డ్రాపౌట్ అని రాస్తారు. నిజానికి ఆ బిడ్డ మూడేళ్ల కిందటే, నవంబరు రిజిస్టర్‌లోనే మానేసింది.

జూన్ 12 ప్రపంచ బాల కార్మిక వ్యతిరేక దినం. ఈ మధ్య మన బడులు తెరుస్తున్నదీ ఆ రోజునే. బ్యానర్ పట్టుకుని బడికి వచ్చిన పిల్లలతోనే ఊరంతా తిప్పి నినాదాలు చెప్పిస్తాం. ఆ రోజు అటెండెన్స్‌లో గైర్హాజరు పడిన పేర్లు చదివి ఆ ఇళ్లకు పోతే ర్యాలీకన్నా ఎక్కువ ఉపయోగం.

8. విడిపించాక జరిగేది.

పిల్లను పట్టుకొచ్చిన రోజు లెక్క ఒకటి పెరుగుతుంది. 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచడం వరకు సాగుతుంది. తర్వాత తల్లిదండ్రుల దగ్గర కాగితం రాయించుకుని అప్పగిస్తారు. కేసు ఎక్కడ జారిపోతుందో చెబుతాం. మొదటిది వయసు. అదే రోజు బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు తీసుకోకపోతే, ఆరు నెలల తర్వాత యజమాని పిల్లకు పదిహేను నిండాయంటాడు. రెండోది కూలి బాకీ. పిల్ల ఎన్ని రోజులు, ఎన్ని కిలోలు అన్నది పంచనామాలో రాయరు. మూడోది నిధి. యజమానికి మొదటి నేరానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానా, దానికి తోడు ప్రభుత్వం వేయాల్సిన 15,000 రూపాయలు పిల్ల పేరున పునరావాస నిధిలో పడాలి. అంటే కనీస జరిమానా పడిన కేసులో కూడా 35,000. ఎంతమంది పిల్లల పేరున ఈ మొత్తం జమ అయిందో చెప్పమని అడిగితే కాగితం మాత్రం రావడం లేదు.

పైగా విడిపించిన పిల్లలకు ప్రత్యేక శిక్షణ కేంద్రాలు పెట్టి 1988 నుంచి నడిచిన జాతీయ బాల కార్మిక పథకం 2021 ఏప్రిల్ 1 నుంచి బడి చదువుల కేంద్ర పథకమైన సమగ్ర శిక్షలో కలిసిపోయింది. చేలోంచి వచ్చిన పదకొండేళ్ల పిల్లను నేరుగా ఆరో తరగతిలో కూర్చోబెడితే రెండు వారాలు కూడా నిలవదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యా హక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. 1990ల నుంచి ఎంవీ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ రంగారెడ్డి జిల్లాలో బ్రిడ్జి కోర్సు శిబిరాలు (పనిలోంచి వచ్చిన పిల్లలను తరగతికి సిద్ధం చేసేవి) పెట్టి వేలమందిని ఇట్లాగే బడి బాట పట్టించింది. ఇది తెలంగాణలో పుట్టి నిలబడ్డ పద్ధతి, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

ఇక మేం అడిగేవి. తల్లుల మీద కేసులు పెట్టమని మేం అడగడం లేదు. రైతును దొంగలా చూడమని కూడా కాదు. ఏరేవాళ్లు దొరక్క కాయ రాలిపోతుంటే అతని బాధ అతనిది.

(1) టాస్క్‌ఫోర్స్ నెలకోసారైనా కూర్చోవాలని నియమం ఉంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఆ సమావేశం ఎజెండా పంటను బట్టి ఉండాలి: అక్టోబరులో పత్తి, డిసెంబరులో బట్టీలు, జనవరి నుంచి మిర్చి. తేదీ, హాజరైనవారు, నిర్ణయాలు కలెక్టరేట్ నోటీసు బోర్డు మీద పెట్టాలి.

(2) చేలు వెతకడం కష్టం, ఆటోలు వెతకడం సులభం. సీజన్‌లో వారానికి రెండు రోజులు పొద్దున 6 నుంచి 8 వరకు కైకిలి ఆటోలు, ట్రాలీలు ఊరు దాటే చోట పోలీసు, కార్మిక శాఖ, బడుల క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్‌పీ) కలిసి నిలబడాలి. 14 లోపు పిల్లను దించి, అక్కడి నుంచే బడికి తీసుకుపోవాలి. ఆటోవాలాకు, మేస్త్రీకి తొలిసారి రాతపూర్వక హెచ్చరిక. రెండోసారి ఆ పిల్లను పెట్టుకున్న యజమాని మీద, తెచ్చిన మేస్త్రీ మీద కేసు.

(3) ముప్పై రోజులు ఆగొద్దు. వరుసగా ఏడు రోజులు, లేదా నెలలో మొత్తం పది రోజులు రాని పిల్ల ఇంటికి మూడు రోజుల్లోపు మనిషి పోవాలి. ఇందుకు కలెక్టర్ ఉత్తర్వు చాలు. ముఖ గుర్తింపు హాజరు ఉన్న బడుల్లో ఈ జాబితా ఒక్క మీటతో వస్తుంది, దాన్ని ప్రతి సోమవారం ఎంఈవో నుంచి పంచాయతీ కార్యదర్శికి పంపాలి.

(4) ఏరుడు సీజన్‌లో అంగన్‌వాడీ పొద్దున 6:30 నుంచి సాయంత్రం 6 దాకా నడవాలి. దానికి అదనపు ఆయాను పెట్టి డబ్బు ఇవ్వాలి, ఉన్న టీచర్ మీదే బరువు వేయొద్దు. ఈ ఒక్క పని చేస్తే గట్టు మీది పెద్దబిడ్డల్లో చాలామంది బడికి పోతారని మా అంచనా. పది అడిగి ఒక్కటే ఇస్తామంటే మేం ఇదే తీసుకుంటాం.

(5) రైతు వేదికల్లో వ్యవసాయ విస్తరణాధికారులు (ఏఈవోలు) విత్తనం, ఎరువు చెప్పేటప్పుడే రెండు సంగతులు చెప్పాలి: కిలో లెక్క తల్లిదైనా పిల్ల ఏరితే బాధ్యత చేను యజమానిదే; మందు కొట్టే పనిలో, పైపు పట్టే పనిలో పిల్లలు ఉండకూడదు. మందుల దుకాణాల్లో అదే పోస్టరు తెలుగులో, ఛత్తీస్‌గఢ్ కూలీలు వచ్చే మండలాల్లో హిందీలో, గోండిలో అంటించాలి.

(6) బట్టీ యజమాని కూలీల జాబితాలో పిల్లల పేర్లు, వయసులు, సొంతూరి బడి రాసి ఇవ్వాలి. పెద్దపల్లి ప్రాంతంలో పని చోటే ఒడియా మాధ్యమంలో బడులు నడిపిన అనుభవం ఉంది. అవి కుటుంబాలు దిగిన వారంలోనే తెరవాలి, సీజన్ సగమయ్యాక కాదు. పోయేటప్పుడు పిల్ల చేతికి చదువు ధ్రువపత్రం ఇచ్చి, అక్కడి బడికి కబురు పంపాలి.

(7) ఆధార్ లేదని, కులం సర్టిఫికెట్ లేదని ఏ బడీ చేర్చుకోకుండా తిప్పి పంపకూడదు. వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం విద్యా హక్కు చట్టం 14వ సెక్షన్‌కు విరుద్ధం. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చి ఇక్కడ ఉంటున్న గొత్తికోయ ఆదివాసీ గూడేల పిల్లల విషయంలో ఇది రాతపూర్వకంగా ప్రతి ప్రధానోపాధ్యాయునికీ పోవాలి.

(8) జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి మండలాల పీహెచ్‌సీల్లో ఆర్గానోఫాస్ఫేట్ విషానికి విరుగుడైన అట్రోపిన్ నిల్వ ఉండాలి. వాంతులతో వచ్చిన ప్రతి పిల్ల ఓపీ చీటీ మీద "చేలో పని: అవును / కాదు, మందు పేరు" అన్న గడి ఉండాలి.

(9) విడిపించిన ప్రతి పిల్లకూ ఒక ఫైలు: అదే రోజు వయసు రుజువు, కూలి బాకీ లెక్క, నిధిలో జమ అయిన తేదీ, చేరిన బడి, మూడు నెలల తర్వాత, ఆరు నెలల తర్వాత హాజరు. వెట్టి అయితే ఆర్డీవో విముక్తి ధ్రువపత్రం ఇవ్వకుండా కుటుంబాన్ని లారీ ఎక్కించొద్దు.

(10) బీడీ కార్డు ఇచ్చే చోటే ఆ ఇంటి పిల్లల బడి హాజరు అడగాలి. రాకపోతే కార్డు కోసేయడానికి కాదు, ఆ పిల్లను గురుకులంలోనో కస్తూర్బా బాలికల విద్యాలయం (కేజీబీవీ)లోనో చేర్చడానికి.

ఇప్పుడు పత్తి పూత మీద ఉంది. తొలి ఏరుడు అక్టోబరులో. (1), (3), (4) అంశాల మీద సెప్టెంబరు నెలాఖరులోగా రాతపూర్వక జవాబు కోరుతున్నాం. వీలుకాదంటే ఎందుకు వీలుకాదో, అది ఏ శాఖ చూడాలో పేరుతో రాయండి. ఆ శాఖకే పోతాం, మళ్లీ ముగ్గురి చుట్టూ తిరగం. అత్యవసరంలో 1098కు ఫోన్ చేస్తూనే ఉంటాం.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెల్లో బడి మానిన పిల్లల కోసం పనిచేస్తున్న ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, వ్యవసాయ కూలీ సంఘాల బాధ్యులు
హనుమకొండ